29 వారాలకు పుట్టిన పాపను ఇంటికి తెచ్చుకుంటున్నాం, మానిటర్ లేకుండా ఎలా ఉండాలి?

చిట్టితల్లి29 (ఖమ్మం)
డిసెంబర్ 14, రాత్రి 11.20

అందరికీ నమస్తే. నెల రోజులుగా రాత్రిళ్లు పాలు పిండుకుంటూ ఇక్కడి పాత చర్చలన్నీ చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి.

మా పాప అక్టోబర్ 24న పుట్టింది. నాకు బీపీ బాగా పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే 29 వారాలకే ఆపరేషన్ చేసి తీశారు. పుట్టినప్పుడు 1,080 గ్రాములు. హైదరాబాద్‌లో ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) పెట్టాం. ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి సర్ఫాక్టెంట్ మందు ఇచ్చారు, తొమ్మిది రోజులు సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే మెషీన్) మీద ఉంది, కామెర్లకు లైటు కింద పెట్టారు, ఒకసారి రక్తం ఎక్కించారు. ఇప్పుడు 1,840 గ్రాములు. ముక్కులో ట్యూబ్ తీసేసి వారం దాటింది, ఉగ్గుగిన్నెతో తాగుతోంది, రోజుకు రెండుమూడు సార్లు నా దగ్గర కూడా పట్టుకుంటోంది. రేపు డిశ్చార్జ్ అన్నారు.

51 రోజులుగా ఈ రోజు కోసమే ఎదురుచూశాను. కానీ సాయంత్రం డాక్టర్ గారు ఆ మాట చెప్పగానే కాళ్లు వణికాయి. ఇన్నాళ్లూ మానిటర్ మీద ఆక్సిజన్ 95, 96 అని కనబడుతుంటేనే నేను ధైర్యంగా ఉన్నాను. ఇంట్లో ఆ తెర ఉండదు కదా. రాత్రి నేను నిద్రపోయినప్పుడు ఊపిరి ఆపేస్తే ఎవరికి తెలుస్తుంది? మేం ఉండేది ఖమ్మంలో మా అమ్మ వాళ్లింట్లో. ఆసుపత్రికి 200 కిలోమీటర్లు.

ఇంకోటి, మా నాయనమ్మ అప్పుడే నీళ్లోసే ఆమెతో మాట్లాడేసింది. సాంబ్రాణి కూడా తెప్పించిందట. పెద్దావిడకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కృష్ణాతీరం (విజయవాడ)
డిసెంబర్ 14, రాత్రి 11.52

చెల్లీ, ముందు ఒక్కసారి మంచినీళ్లు తాగు. మా బాబు 28 వారాలకు, 940 గ్రాములతో పుట్టాడు. ఇప్పుడు యూకేజీ చదువుతున్నాడు. ఇంటికి తెచ్చిన మొదటి రాత్రి నేనూ మా ఆయనా వంతులేసుకుని టార్చ్ వెలుతురులో వాడి పొట్ట కదలడం చూస్తూ కూర్చున్నాం. నీకు వచ్చిన భయం నాకు వచ్చింది, ఈ వేదికలో ప్రతి తల్లికీ వచ్చింది.

పొద్దున్నే వెళ్లి ఒక్క మాట అడుగు. డిశ్చార్జ్ ఒకరోజు వెనక్కి జరిపి, ఆసుపత్రిలోనే ఒక గదిలో పాపతో నిన్ను ఒంటరిగా ఉండనివ్వమని. మానిటర్ లేకుండా, అన్ని పనులూ నువ్వే చేస్తూ, అవసరమైతే పిలవడానికి నర్సు పక్కనే ఉండేలా. మాకు రెండు రాత్రులు అలా ఇచ్చారు. అప్పుడు అడిగిన సందేహాలు ఎన్ఐసీయూలో ఉన్న 60 రోజుల్లో నాకు ఎప్పుడూ రాలేదు. మందు సిరంజిలో ఎంతవరకు తీయాలి, పాలు తాగాక కక్కితే మళ్లీ పట్టాలా, ఐరన్ చుక్కలు వేశాక విరేచనం నల్లగా వస్తే భయపడాలా, ఇలాంటివి. (నల్లగానే వస్తుంది, భయపడకు.)

ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఎన్ని గంటలకు, ఎన్ని మి.లీ. తాగింది, ఎన్నిసార్లు ఒంటికి పోసింది. నిద్రలేమితో నీకు అసలు గుర్తుండదు.

రాత్రిడ్యూటీ (హైదరాబాద్, ఎన్ఐసీయూ నర్సు)
డిసెంబర్ 15, ఉదయం 6.10

డ్యూటీ ముగించుకుని ఇప్పుడే చూశాను. నేను 11 ఏళ్లుగా ఎన్ఐసీయూలో పనిచేస్తున్నాను. ఇంటికి వెళ్లే ప్రతి అమ్మ అడిగే మొదటి ప్రశ్న ఇదే.

అమ్మా, మీ పాపని మానిటర్ చూసి పంపించడం లేదు. పాపని చూసి పంపిస్తున్నారు. కెఫీన్ ఎప్పుడు ఆపారో ఫైల్లో చూడండి. ఊపిరి ఆపకుండా ఉండడానికి ఇచ్చే మందు అది. దాన్ని ఆపాక కూడా కొన్ని రోజులు ఊపిరి ఆగడం, గుండె వేగం పడిపోవడం లేకుండా గడిస్తేనే డిశ్చార్జ్ రాస్తారు. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ కలిపి చేయడం పిల్లలకు దాదాపు 34 వారాల నుంచి వస్తుంది. మీ పాప ఇప్పుడు 36 వారాలు దాటింది, తాగుతోంది, బరువు పెరుగుతోంది, బట్టల్లోనే వెచ్చగా ఉంటోంది. ఇంటికి వెళ్లడానికి కావలసినవి ఇవే.

ఇంట్లో మీరు చూసే ఊపిరి గడియారంలా ఒకే తీరుగా ఉండదు. గబగబా నాలుగైదు సార్లు తీసుకుంటుంది, ఐదారు సెకన్లు ఆగుతుంది, మళ్లీ తీసుకుంటుంది. నెలలు నిండని పిల్లల్లో ఇది మామూలే. 20 సెకన్లు ఆగినా, అంతకంటే తక్కువసేపైనా పెదాలు నీలంగానో, ఒళ్లు పాలిపోయినట్టో, వేలాడినట్టో అయితే అది వేరు. అప్పుడు అరికాలు మీద వేలితో తట్టండి, వీపు రుద్దండి. తేరుకున్నా సరే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. తేరుకోకపోతే ఏం చేయాలో, అంటే నోటితో ఊపిరి ఇవ్వడం, ఛాతీ నొక్కడం, డిశ్చార్జ్‌కి ముందు బొమ్మ మీద చూపించమని అడగండి. మీరు, మీ ఆయన, మీ అమ్మ ముగ్గురూ నేర్చుకోండి.

పాలు తాగకుండా మొద్దుగా పడుకున్నా, నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పొట్ట ఉబ్బినా, పచ్చరంగు వాంతి అయినా, అరచేతులూ అరికాళ్లూ పసుపెక్కినా తెల్లారేదాకా ఆగకండి.

వెల్లకిలా పడుకోబెట్టండి. ఎన్ఐసీయూలో బోర్లా పడుకోబెట్టడం చూసి ఉంటారు, అది మానిటర్ ఉంది కాబట్టి. ఇంట్లో అలా వద్దు.

చిట్టితల్లి29 (ఖమ్మం)
డిసెంబర్ 15, మధ్యాహ్నం 2.05

అక్కా, సిస్టర్ గారూ, మీ ఇద్దరికీ దండాలు. కెఫీన్ డిసెంబర్ 5న ఆపారట, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదని చూపించారు. ఈ రాత్రికి గది ఇచ్చారు. రేపు వెళ్తాం. బొమ్మ మీద చేసి చూపించారు, మా ఆయన నాకంటే బాగా చేశారు.

పాలు రెండు గంటలకోసారి 28 మి.లీ. అన్నారు. పొడి సాచెట్ ఎంత పాలలో కలపాలో రాసిచ్చారు. విటమిన్ డి, ఐరన్, మల్టీవిటమిన్ చుక్కలు.

మా తమ్ముడు ఆన్‌లైన్‌లో కాలికి తొడిగే ఆక్సిమీటర్ (రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించేది) ఉందని పంపించాడు. కొనమంటారా?

డాలస్_నాన్న (అమెరికా)
డిసెంబర్ 15, సాయంత్రం 6.40

నా అనుభవం చెబుతాను. మా కవల అబ్బాయిల్లో ఒకడు ఆక్సిజన్ మీదే ఇంటికి వచ్చాడు, కాబట్టి మాకు ఆసుపత్రివాళ్లే మానిటర్ ఇచ్చారు. నాలుగు నెలలు. నిజం చెప్పాలంటే అది లేకపోతే నేను కళ్లు మూసేవాణ్ని కాదు. ఇక్కడ ఇంటికి పంపే ముందు కారు సీట్లో గంటన్నర కూర్చోబెట్టి ఆక్సిజన్ పడిపోతుందేమో చూస్తారు. మెడ ముందుకు వాలితే ఈ పిల్లలకు గాలి దారి నొక్కుకుపోతుంది. మీరు ఖమ్మం దాకా నాలుగైదు గంటలు ప్రయాణం చేస్తారు కదా, పాప గడ్డం ఛాతీకి ఆనకుండా చూసుకోండి, మధ్యలో రెండుసార్లు ఆగండి.

మనశ్శాంతి కోసమైతే ఆక్సిమీటర్ కొనుక్కోండి అనే అంటాను.

రాత్రిడ్యూటీ (హైదరాబాద్)
డిసెంబర్ 16, ఉదయం 6.30

అన్నా, మీ బాబు ఆక్సిజన్ మీద ఉన్నాడు, డాక్టర్ రాసిచ్చిన మెషీన్ అది. ఈ పాపకి ఆక్సిజన్ లేదు. బజార్లో దొరికేవి పాప కాలు కదిపినా, పాదం చల్లబడినా తప్పు అంకె చూపిస్తాయి. అర్ధరాత్రి 82 అని చూపిస్తే తల్లి పాపని చూడదు, మెషీన్‌నే చూస్తుంది. అలా పరుగెత్తుకొచ్చిన వాళ్లను నేను చాలామందిని చూశాను, పిల్ల హాయిగా నిద్రపోతూ ఉంటుంది. పొరపాటున 97 చూపించి, పిల్ల పాలు మానేసిన సంగతి పట్టించుకోకపోతే అది ఇంకా ప్రమాదం. డాక్టర్ చెబితే తప్ప వద్దనే నా మాట.

దానికంటే మంచి మానిటర్ మీ గుండెల మీదే ఉంది. కంగారూ పద్ధతి ఎన్ఐసీయూలో చేసే ఉంటారు, ఇంట్లో మానకండి. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2021లో వచ్చిన ఐదు దేశాల పరిశోధనలో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది. పిల్లలు నిలకడపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే కంగారూ మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయని అందులో తేలింది. రోజుకు కనీసం ఎనిమిది గంటలు. ఒక్కరే చేయలేరు. నాన్న చేయొచ్చు, అమ్మమ్మ చేయొచ్చు. పాపకి డైపర్, టోపీ, సాక్సులు మాత్రమే వేసి, చర్మానికి చర్మం ఆనేలా నిలువుగా పెట్టుకుని, పాత నూలు చీరతో కట్టుకోవడమే. ముఖం పక్కకు తిరిగి కనబడుతూ ఉండాలి. మీరు నిద్రపోయేటట్టు అనిపిస్తే ఇంకొకరికి ఇచ్చేయండి.

వెలుగు (కర్నూలు)
డిసెంబర్ 16, ఉదయం 9.15

నేను ఈ వేదికలో ఎక్కువగా రాయను. కానీ ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ కళ్ల గురించి అడగలేదు, అందుకే రాస్తున్నాను.

అమ్మా, మీ పాప కంటి పరీక్ష ఎప్పుడు జరిగింది? మళ్లీ ఎప్పుడు?

మా పాప 30 వారాలకు పుట్టింది, 1,300 గ్రాములు. 35 రోజులు ఆసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తులు బాగున్నాయి, మెదడు స్కాన్ బాగుంది, బరువు పెరిగింది, ఇంటికి వచ్చేశాం. కంటి పరీక్ష సంగతి మాకు ఒక్కరూ నోటితో చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితం మూడో పేజీలో, మందుల కింద, ఇంగ్లీషులో రెండు పదాలు ఉన్నాయి. నేను డిగ్రీ చదివినవాణ్ని. నాకు అర్థం కాలేదు, అడగాలని తెలియలేదు.

నాలుగో నెలలో పాప మా ముఖాలు చూడడం లేదని నా భార్య గమనించింది. నెలలు తక్కువ కదా, ఆలస్యంగా చూస్తుందిలే అన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. హైదరాబాద్ తీసుకెళ్లేసరికి కుడికంట్లో రెటీనా పూర్తిగా ఊడిపోయింది. ఎడమ కంటికి ఆపరేషన్ చేసి కొంత చూపు నిలబెట్టారు.

కంటి వెనుక తెరలో రక్తనాళాలు మధ్య నుంచి అంచులకు పాకుతూ, నెలలు నిండే సమయానికి గానీ పూర్తికావట. ముందే పుట్టిన పిల్లల్లో ఆ పెరుగుదల ఆగి, తర్వాత అడ్డదిడ్డంగా పెరిగి తెరను లాగేస్తాయి. దీన్ని ఆర్‌ఓపీ అంటారు. బయటికి ఏమీ కనబడదు. కన్ను ఎర్రబడదు, నీరు కారదు. అందుకే పరీక్ష తప్ప వేరే దారి లేదు. మన దేశంలో 34 వారాలలోపు పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువ బరువున్నా చూడాలి. మొదటి పరీక్ష పుట్టిన 30 రోజుల్లోపే. 28 వారాలలోపు పుడితే ఇంకా ముందే. చికిత్స అవసరమని తేలితే రెండుమూడు రోజుల్లో లేజర్ చేయాలి, లేదా ఇంజెక్షన్ ఇవ్వాలి. ఆ రోజులు దాటితే డబ్బు ఎంత పెట్టినా పోయిన చూపు వెనక్కి రాదు.

ఒక్కసారి బాగుందంటే అయిపోయినట్టు కాదు. రక్తనాళాలు పూర్తిగా పెరిగాయి, ఇక రావక్కర్లేదు అని కంటి డాక్టర్ చెప్పేదాకా ప్రతి తేదీకీ వెళ్లాలి. ఇంటికి వెళ్లిన సంతోషంలో, ప్రయాణం కష్టమని, ఒక్క వారం వాయిదా వేయకండి.

చిట్టితల్లి29 (ఖమ్మం)
డిసెంబర్ 16, ఉదయం 10.02

అన్నా, మీ పోస్ట్ చదివి చేతులు వణుకుతుంటే ఫైల్ తీశాను. మొదటి పరీక్ష నవంబర్ 21న జరిగింది, రెండోది డిసెంబర్ 5న. రెండు కళ్లలోనూ ‘స్టేజ్ 1, జోన్ 2’ (తొలి దశ, కంటి తెర మధ్య వలయంలో) అని ఉంది. కింద ‘2 వారాలకు’ అని మాత్రమే రాశారు, తేదీ లేదు. అంటే డిసెంబర్ 19! ఇంటికి వెళ్లిన మూడో రోజు. నేను సంక్రాంతి తర్వాత ఎలాగూ హైదరాబాద్ వస్తాం కదా, అప్పుడు చూపిద్దాం అనుకున్నాను.

డిశ్చార్జ్ రాసే డాక్టర్ గారి దగ్గరికి వెళ్తున్నాను.

కృష్ణాతీరం (విజయవాడ)
డిసెంబర్ 16, ఉదయం 10.20

ఖమ్మం నుంచి హైదరాబాద్ కంటే విజయవాడ దగ్గర కదా చెల్లీ. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లకు ఇక్కడ తాడిగడపలో క్యాంపస్ ఉంది. ఆర్‌ఓపీ చూసే డాక్టర్ ఆ రోజు ఉంటారా అని ముందే ఫోన్ చేసి, పాత రిపోర్టులు పట్టుకుని రా. పరీక్షకు గంట ముందు పాలు పట్టకు, కక్కుతారు. కన్ను పెద్దది చేసే చుక్కలు వేస్తారు, రెప్పలు తెరిచి ఉంచే క్లిప్ పెడతారు. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, గుక్కపట్టి ఏడుస్తారు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నువ్వు చూడలేకపోతే మీ ఆయన్ని లోపలికి పంపించు. అయిపోగానే గుండెలకు హత్తుకుని పాలు పట్టు, నిద్రపోతుంది.

అమ్మమ్మ_గుంటూరు
డిసెంబర్ 16, సాయంత్రం 5.45

తల్లీ, నాకు 71 ఏళ్లు. మా మనవరాలు ఫోన్‌లో ఇది చదివి వినిపించింది, నేను చెబుతుంటే తనే టైపు చేస్తోంది.

నా రెండోవాడు ఏడో నెలలో పుట్టాడు, 1978లో. ‘ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు బతకరు’ అని అందరూ అనే రోజులు. అది తప్పు మాటని తర్వాత డాక్టరమ్మ చెప్పింది, కడుపులో ఒక్కో వారం ఎక్కువుంటే అంత బలమేనట. మా అమ్మ వాణ్ని దూదిలో చుట్టి, పక్కన వేడినీళ్ల సీసాలు పెట్టి, ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కా పోసి బతికించింది. మూడు నెలలు వాడికి నీళ్లు పోయలేదు. ఇది మీ నాయనమ్మకు చదివి వినిపించు. మన పెద్దవాళ్లు కూడా పసిగుడ్డుకి నీళ్లు పోసేవాళ్లు కాదు, వెచ్చగా ఉంచేవాళ్లు.

నీళ్లోసే ఆమెను వద్దని చెప్పొద్దు, బిడ్డ మూడు కిలోలు అయ్యాక పిలుస్తామని చెప్పు. అప్పుడైనా ముక్కులో నూనె పోయడం, ముక్కు ఒత్తి ఊదడం, గొంతులో వేలు పెట్టి తీయడం వద్దు. వస, తేనె, ఉగ్గుమందు ఏవీ నాలుకకు రాయొద్దు. సాంబ్రాణి పొగ ఆ గదిలోకే రానివ్వొద్దు, ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవు. మీ నాయనమ్మకు ఒక పని అప్పగించు. పొద్దున్నా సాయంత్రం ఆవిడ గుండెల మీద బిడ్డను పడుకోబెట్టు. ఆవిడ మనసు చల్లబడుతుంది, నీకు గంట నిద్ర దొరుకుతుంది.

పల్లె_ఆశ (విజయనగరం జిల్లా)
డిసెంబర్ 16, రాత్రి 8.30

నేను ఆశ కార్యకర్తను. అమ్మమ్మ గారు చాలా బాగా చెప్పారు. మేం ఇళ్లకు వెళ్లినప్పుడు తల్లులకు నేర్పేది ఒకటుంది. చేతి వెనుక భాగంతో పాప పొట్ట, పాదాలు ముట్టుకోండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి వేస్తున్నట్టు, వెంటనే గుండెలకు కట్టుకోండి. రెండూ చల్లబడితే ప్రమాదం, కట్టుకుని అలాగే ఆసుపత్రికి బయల్దేరండి. థర్మామీటర్ చంకలో పెడితే 97.7 నుంచి 99.5 మధ్య ఉండాలి. ఇది డిసెంబర్ చలి, తెల్లవారుజామున తప్పకుండా చూడండి. ఇన్ఫెక్షన్ వస్తే ఈ పిల్లలకు జ్వరం రాకుండా ఒళ్లు చల్లబడడం కూడా ఉంటుంది.

మీ వార్డు ఆశకు, ఏఎన్ఎంకు పాప వచ్చిందని చెప్పండి. తూకం మెషీన్ తెస్తారు. టీకాలు పుట్టిన తేదీ నుంచే లెక్క, నెలలు తక్కువని ఆపకూడదు. ఆరు వారాల టీకాలు అయ్యాయో లేదో కార్డు చూడండి. మెడ నిలబెట్టడం, నవ్వడం, బోర్లా పడడం మాత్రం అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టుకోవాలి, రెండేళ్లు వచ్చేదాకా. పక్కింటి పిల్లతో పోల్చొద్దు.

కవలలతల్లి (వరంగల్)
డిసెంబర్ 17, తెల్లవారుజామున 3.15

పాప గురించి అందరూ చెప్పారు. నేను నీ గురించి అడుగుతున్నాను చెల్లీ.

నాకు 27 వారాలకు ఇద్దరు పుట్టారు. ఒక్కడితో ఇంటికి వచ్చాను. అందరూ ‘ఒక్కడైనా దక్కాడు’ అన్నారు. వాడు ఆరోగ్యంగా ఉన్నా నేను రోజూ బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. మైక్రోవేవ్ బీప్ అన్నా ఎన్ఐసీయూ అలారం అనుకుని పరుగెత్తేదాన్ని. అది పిచ్చి కాదు, అలాంటి చోటు నుంచి వచ్చిన తల్లికి అలా అవుతుందని డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. మందు వాడాను, మాట్లాడాను, తగ్గింది. పాలివ్వడం ఆపక్కర్లేదు, డాక్టర్లు దానికి తగ్గ మందులే ఇస్తారు.

రెండు వారాలైనా ఏడుపు ఆగకపోయినా, పాప నిద్రపోయినా నీకు నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా దాచుకోకు. 14416 టెలి మానస్ నంబర్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నువ్వు చేయలేకపోతే మీ ఆయన్ని చేయమను.

ఇంకో మాట. పాలు తగ్గితే నిన్ను నువ్వు తిట్టుకోకు. రోజుకు ఎనిమిదిసార్లు పిండుతూ, రాత్రి ఒక్కసారైనా వదలకుండా చూడు, కంగారూ చేశాక వెంటనే పిండితే ఎక్కువ వస్తాయి. అప్పటికీ చాలకపోతే డాక్టర్ చెప్పిన పాలపొడి వాడు. నీ ప్రేమను ఎవరూ మి.లీ.లలో కొలవరు.

చిట్టితల్లి29 (ఖమ్మం)
డిసెంబర్ 18, రాత్రి 2.40

ఇంట్లో రెండో రాత్రి. కవలలతల్లి అక్కా, మీ పోస్ట్ మూడుసార్లు చదివాను. ఆ నంబర్ గోడ మీద రాసిపెట్టాను.

నిన్న రాత్రి ఒంటిగంటకు పాప ఊపిరి ఆగింది. గుండె జారిపోయింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. ఏడు దగ్గర మళ్లీ తీసుకుంది. పెదాలు గులాబీ రంగులోనే ఉన్నాయి. సిస్టర్ గారు చెప్పిందే ఇది అని గుర్తొచ్చింది. అలా రాత్రంతా చాలాసార్లు జరిగింది, నాలుగు దాటాక లెక్కపెట్టడం మానేశాను. ఇప్పుడు మా ఆయన బనియన్ విప్పి లుంగీతో కట్టుకుని కుర్చీలో వాలి కూర్చున్నారు, పాప ఆయన ఛాతీ మీద ఉంది. ఇద్దరూ మేలుకునే ఉన్నారు.

నాయనమ్మకు గుంటూరు అమ్మమ్మ గారి పోస్ట్ చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వెళ్లి చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి ‘ఇలా ఇవ్వు’ అంది.

చిట్టితల్లి29 (ఖమ్మం)
డిసెంబర్ 19, సాయంత్రం 4.10

కంటి పరీక్ష అయింది. విజయవాడలోనే. స్టేజ్ 1 అలాగే ఉంది, పెరగలేదు. ఇప్పుడు చికిత్స అక్కర్లేదన్నారు. మళ్లీ జనవరి 2. ఈసారి తేదీ నేనే పెన్నుతో రాయించుకున్నాను, ఫైల్ అట్ట మీద, ఎర్రగా.

పాప బాగా ఏడ్చింది. నేను లోపలే ఉన్నాను.

డాలస్_నాన్న (అమెరికా)
డిసెంబర్ 19, రాత్రి 8.25

చాలా సంతోషం అమ్మా. ఆక్సిమీటర్ విషయంలో సిస్టర్ గారి మాటే సరైనది, మా పరిస్థితి వేరు.

చిట్టితల్లి29 (ఖమ్మం)
జనవరి 5, ఉదయం 11.30

ఒక సలహా కావాలి. జనవరి 2న చూపించాం, తగ్గుముఖం పట్టిందన్నారు. కానీ సంక్రాంతికి అత్తగారి వైపు నుంచి 14 మంది వస్తామంటున్నారు, పాపను ఇంతవరకు చూడలేదు పాపం. అదే రోజు బారసాల పెట్టేద్దామని. ఇంటి ముందు భోగి మంట కూడా వేస్తారు. వాళ్ల ఆశ నాకు అర్థమవుతోంది, కాదంటే మా ఆయన మధ్యలో నలిగిపోతారు.

రాత్రిడ్యూటీ (హైదరాబాద్)
జనవరి 5, మధ్యాహ్నం 1.00

వద్దమ్మా. పెద్దవాళ్లకు మామూలు జలుబు అయ్యేది ఈ పిల్లలకు న్యుమోనియా అవుతుంది. డిశ్చార్జ్ అయి మళ్లీ మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇలా వచ్చేవాళ్లే. డాక్టర్ వద్దన్నారని చెప్పండి, తప్పు డాక్టర్ మీదకి నెట్టేయండి, మేం ఏమీ అనుకోం. అత్తగారు, మామగారు ఇద్దరే రమ్మనండి, జలుబు లేకుండా, చేతులు కడుక్కుని. ముద్దులు వద్దు. భోగి రోజు కిటికీలు మూసి వెనుక గదిలో ఉండండి.

కృష్ణాతీరం (విజయవాడ)
జనవరి 5, మధ్యాహ్నం 1.40

మేం బారసాల మూడో నెలలో చేశాం, ఐదుగురితో. బియ్యంలో పేరు రాసేటప్పుడు వీడియో కాల్ పెట్టాం. మిగతావాళ్లందరికీ మొదటి పుట్టినరోజుకు భోజనాలు పెట్టాం.

చిట్టితల్లి29 (ఖమ్మం)
జనవరి 9, రాత్రి 9.50

ఇవాళ పాప అసలు పుట్టాల్సిన రోజు. పొద్దున ఆశ అక్క వచ్చి తూకం వేసింది, 2,510 గ్రాములు. అత్తయ్యా మామయ్యా మాత్రమే వచ్చారు. అత్తయ్య గుమ్మం దగ్గరే నిలబడి చేతులు చూపించింది, కడుక్కునే వచ్చానని. పాపను చూసి, వేలు పట్టుకుని, చాలాసేపు అలాగే కూర్చుంది. ఎన్ఐసీయూలో అద్దం బయట నుంచి ఒక్కసారే చూసిందట, వైర్లే కనబడ్డాయి గానీ ముఖం కనబడలేదంది.

చిట్టితల్లి29 (ఖమ్మం)
జనవరి 30, సాయంత్రం 6.15

వెలుగు అన్నా, ఇది మీకు. ఇవాళ కంటి డాక్టర్ గారు రెండు కళ్లలోనూ రక్తనాళాలు అంచుల దాకా పూర్తిగా పెరిగాయన్నారు. ఆర్‌ఓపీకి ఇక రావక్కర్లేదు. అద్దాల అవసరం, మెల్ల ఉన్నాయేమో చూడడానికి తర్వాత రమ్మన్నారు. చెవులకు బెరా పరీక్ష వచ్చే నెలలో ఉంది, తేదీ రాయించుకున్నాను.

ఆ రోజు మీరు రాయకపోతే నేను సంక్రాంతి దాకా ఆగేదాన్ని. మీ పాప ఎలా ఉందన్నా?

వెలుగు (కర్నూలు)
జనవరి 30, రాత్రి 9.05

చాలా సంతోషం అమ్మా. నా భార్యకు కూడా చదివి వినిపించాను.

మా పాపకు ఆరేళ్లు. ఎడమకంటికి మందపాటి అద్దాలు. బళ్లో మొదటి బెంచీలో కూర్చోబెడతారు. పుస్తకంలో అక్షరాలు చిన్నవి కదా, అందుకని నేను రాత్రిపూట చార్టు మీద స్కెచ్ పెన్నుతో అరచేయంత పెద్దగా రాసిస్తాను. ఈ వారం ‘ఖ’ దాకా వచ్చాం.

చిట్టితల్లి29 (ఖమ్మం)
జనవరి 30, రాత్రి 9.20

అన్నా, ‘ఖ’ పక్కన ఖమ్మం అని రాయండి. ఇక్కడ తనకో చెల్లెలు ఉందని చెప్పండి.